సొంత విమానపు రెక్కలో ఫోమ్ రిబ్బులు: కోత, కొలత, కొమరోలుకు తగిన దారి

సొంతంగా విమానం నిర్మించుకునేవారి పనులన్నిటిలో రెక్కలోని రిబ్బులను ఫోమ్‌తో కోయడం చూసేవారికి చాలా తేలికగా కనిపిస్తుంది, కానీ ఆ రెక్క ఎంత బరువు లేపగలదో, ఏ వేగం దగ్గర పట్టు వదిలేస్తుందో నిర్ణయించే ఆకృతి అక్కడే స్థిరపడుతుంది. రిబ్బు అంటే రెక్క ముందు అంచు నుంచి వెనుక అంచు దాకా అడ్డంగా నిలబడే పలుచని పలక. రెక్క పొడవునా సాగే ప్రధాన దూలాన్ని స్పారు అంటారు. ఆ స్పారుకు ఈ పలకలను వరుసగా బిగించి, వాటి మీద గుడ్డనో ప్లైవుడ్‌నో గాజునార పొరనో కప్పితే రెక్క తయారవుతుంది. గాలి ఒత్తిడిని మొదట అందుకునేది పైపొర కాగా, దాన్ని స్పారుకు చేరవేసేది, ఆ పొర లోపలికి కుంగకుండా ఆపేది, రెక్క వంపును అనుకున్నట్టు నిలిపేది రిబ్బే. ఈ మూడు పనులూ చేయడానికి రిబ్బు తనంతట తాను బరువైనదో దృఢమైనదో కానక్కర్లేదు. ఫోమ్ ఈ రంగంలోకి రావడానికి మూలకారణం అదే.

తొలితరం విమానాల్లో రిబ్బులన్నీ కర్రవే. సన్నని బద్దలను వంచి, చిన్న ప్లైవుడ్ ముక్కలతో అతికి, మేకులు కొట్టి ఒక్కొక్కటిగా చేసేవారు. నైపుణ్యం ఉన్నవారికి కూడా ఒక రెక్కకు సరిపడా రిబ్బులు చేయడానికి వారాలు పట్టేది. 1970ల నాటికి అమెరికాలో ఈ శ్రమను తగ్గించే ప్రయత్నాలు ఒకేసారి పలుచోట్ల మొదలయ్యాయి. కెన్ రాండ్, స్టూవర్ట్ రాబిన్సన్ రూపొందించిన కేఆర్-1 విమానం 1972లో ఎగిరింది. అందులో కర్ర స్పార్లు బరువు మోస్తే, వాటి చుట్టూ ఆకృతిని ఫోమ్ ఇచ్చింది, దాని మీద సింథటిక్ గుడ్డను ఎపాక్సీ రెసిన్‌తో అతికించారు. బర్ట్ రూటన్ మరింత ముందుకు వెళ్లి విడివిడి రిబ్బులనే తీసేశారు. 1975లో ఎగిరిన వేరీ-ఈజీ, 1979లో ఎగిరిన లాంగ్-ఈజీ విమానాల రెక్కలు లోపలంతా నిండు ఫోమ్ దిమ్మలే. వేడి తీగతో దిమ్మను రెక్క ఆకారంలో కోసి, దాని మీదే గాజునార పరిచి రెసిన్ పోస్తే, ఖరీదైన అచ్చులేవీ లేకుండా రెక్క సిద్ధమైంది. ఫ్రాన్స్‌లో మిషెల్ కొలొంబాన్ దీనికి భిన్నమైన మార్గం ఎంచుకున్నారు. 1973లో తొలిసారి ఎగిరిన ఆయన క్రి-క్రి విమానంలో పీవీసీ ఫోమ్ రిబ్బులను దగ్గర దగ్గరగా నిలిపి, వాటికి పలుచని అల్యూమినియం రేకును జిగురుతో అతికించారు. రెండు ఇంజన్లున్న ఆ విమానం ఖాళీ బరువు సుమారు 78 కిలోలే. స్టీవ్ వుడ్ రూపొందించిన స్కై పప్ అనే అల్ట్రాలైట్‌లో పాలీస్టైరీన్ (థర్మోకోల్ తరహా ఫోమ్) రిబ్బుల అంచులకు సన్నని కర్ర బద్దలు అతికించారు. ఈ వ్యాసానికి ముఖ్యమైన పద్ధతి ఇదే, ఎందుకంటే తక్కువ పనిముట్లతో, తక్కువ ఖర్చుతో, తప్పు జరిగితే ఒక్క రిబ్బును పారేసి మరొకటి కోసుకునే వీలుతో సాగేది ఇదొక్కటే.

మనిషి కాళ్ల శక్తితో నడిచిన విమానాలు ఫోమ్ రిబ్బుకు మరో రకమైన సాక్ష్యం. పాల్ మెక్రీడీ బృందం నిర్మించిన గోసమర్ ఆల్బట్రాస్ 1979 జూన్ 12న బ్రయన్ అలెన్ తొక్కుతుండగా ఇంగ్లిష్ చానెల్ దాటింది. దాని రెక్కల కొన నుంచి కొనకు పొడవు దాదాపు 30 మీటర్లు, అయినా విమానం బరువు 32 కిలోలకు అటూ ఇటూ మాత్రమే. కార్బన్ నార గొట్టపు స్పారు మీద పాలీస్టైరీన్ రిబ్బులు, వాటిపై పలుచని ప్లాస్టిక్ పొర, అంతే. గ్రాము గ్రాముకూ లెక్క చెప్పుకోవాల్సిన చోట ఫోమ్‌ను ఎంచుకున్నారంటే, అది చవక సరుకు కాబట్టి కాక బరువుకు తగ్గ పనితనం ఉన్న సరుకు కాబట్టే.

భారతదేశంలో ఈ విద్య కొత్తదేమీ కాదు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, రూటన్ లాంగ్-ఈజీ ఆధారంగా తేలికపాటి కెనార్డ్ పరిశోధన విమానాన్ని నిర్మించి 1987 ఫిబ్రవరిలో ఎగరేసింది. కెనార్డ్ అంటే తోక వైపు ఉండవలసిన చిన్న రెక్క ముక్కు వైపు ఉండే అమరిక. అప్పుడు ఆ సంస్థకు రొద్దం నరసింహ డైరెక్టర్‌గా ఉన్నారు. మిశ్రమ పదార్థాలతో, అంటే నారను రెసిన్‌లో తడిపి గట్టిపరిచే పద్ధతితో, విమానం కట్టిన ఆ అనుభవం తరువాత అదే సంస్థ నుంచి 1993లో ఎగిరిన హంస శిక్షణ విమానానికి దారి తీసింది. తెలుగువారికి ఈ పరంపరతో మరో బంధం కూడా ఉంది. గుంటూరు మూలాలున్న బండ్ల శిరీష 2021 జులై 11న అంతరిక్షపు అంచుకు వెళ్లిన వర్జిన్ గెలాక్టిక్ వాహనం, రూటన్ స్థాపించిన స్కేల్డ్ కాంపోజిట్స్ సంస్థ రూపకల్పన నుంచి వచ్చినదే. మొజావే ఎడారిలోని షెడ్డులో ఫోమ్ దిమ్మలను కోసిన చేతుల పని అక్కడిదాకా సాగింది.

నల్లమల అంచున ఉన్న కొమరోలు, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతంలో ఈ పని తలపెట్టేవారికి మొదట ఎదురయ్యేది సరుకు ప్రశ్న. బజారులో థర్మోకోల్ పేరుతో దొరికే తెల్లని సరుకు పూసలను ఆవిరితో ఉబ్బించి అతికించిన పాలీస్టైరీన్. దాన్ని విరిస్తే పూసలు రాలిపోతాయి. టీవీ, ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే రకం సాంద్రత చాలా తక్కువ. ఇంటి పైకప్పుల వేడి తగ్గించడానికి వాడే, తరచూ నీలం రంగులోనో గులాబీ రంగులోనో ఉండే పలకలు వేరు. వాటిని ఎక్స్‌పీఎస్ అంటారు. కరిగిన పాలీస్టైరీన్‌ను ఒకే ముద్దగా బయటికి నెట్టి తయారుచేస్తారు కాబట్టి వాటిలో పూసల మధ్య సందులు ఉండవు, బలం అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది. రూటన్ విమానాల్లో వాడింది ఘనపు మీటరుకు సుమారు 32 కిలోల బరువుండే ఈ తరహా ఫోమే. మూడోది శీతల గిడ్డంగుల గోడల్లో కనిపించే పసుపుపచ్చని పఫ్, అంటే పాలీయురేథేన్. మిర్చి నిల్వ చేసే గిడ్డంగులు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఉండటంతో దాని ముక్కలు పాత సామాను దుకాణాల్లోకి చేరడం సహజం. అయితే దాన్ని వేడి తీగతో కోస్తే ప్రాణాంతకమైన సయనైడ్ వాయువు వెలువడుతుంది. పఫ్‌ను కత్తితో, రంపంతో, గరుకు కాగితంతో మాత్రమే మలచాలి, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఈ ఒక్క హెచ్చరికను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు, ఎందుకంటే థర్మోకోల్ కోసిన అలవాటుతో చేయి అదే తీగను పఫ్ మీదికి తీసుకెళ్లడం చాలా సులువు.

వేడి తీగ పని ఈ ప్రాంతానికి తెలియనిదేమీ కాదు. పెళ్లి వేదికల మీద వధూవరుల పేర్లు, పందిళ్లలో నెమళ్లు, గోపురాలు థర్మోకోల్‌తో కోసిన డెకరేషన్ పనివారికి నైక్రోమ్ తీగ ఎంత ఎర్రబడితే పలక కరిగిపోతుందో, ఎంత చల్లగా ఉంటే లాగాల్సి వస్తుందో చేతికి తెలుసు. 2022 జులై 1 నుంచి దేశమంతటా అలంకరణకు వాడే థర్మోకోల్‌ను ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో చేర్చి నిషేధించారు. పర్యావరణం దృష్ట్యా ఆ నిర్ణయం సరైనదే. అయితే ఆ పనివారి చేతిలోని నైపుణ్యం మరో ఉపయోగానికి మళ్లే అవకాశం ఉందని గుర్తించడం కూడా సమాజానికి అవసరమే.

సరుకు ఎంపికలో బలం ఎంత తేడా తెస్తుందో ఒక చిన్న లెక్క చూపిస్తుంది. ఒక్కరే కూర్చునే తేలికపాటి విమానం, మొత్తం బరువు 250 కిలోలు, రెక్కల కొన నుంచి కొనకు పొడవు 8 మీటర్లు, కార్డు 1.2 మీటర్లు అనుకుందాం. కార్డు అంటే ముందు అంచు నుంచి వెనుక అంచుకు ఉన్న దూరం. అప్పుడు రెక్క వైశాల్యం 9.6 చదరపు మీటర్లు, ప్రతి చదరపు మీటరు మోసేది దాదాపు 26 కిలోలు. 30 సెంటీమీటర్లకు ఒక రిబ్బు పెడితే మామూలుగా ఎగిరేటప్పుడు ఒక్కొక్క రిబ్బు మీద 9 కిలోలకు కొంచెం పైన భారం పడుతుంది. మలుపుల్లో, గాలి కుదుపుల్లో ఆ భారం 3.8 రెట్ల దాకా పెరగవచ్చని లెక్కగట్టి, దానికి మరో ఒకటిన్నర రెట్లు భద్రత కలుపుకుంటే, ప్రతి రిబ్బు విరగకుండా 54 కిలోల దాకా మోయగలగాలి. ఇందులో సగం భారం స్పారుకు వెనుక పడుతుందనుకుంటే, 13 సెంటీమీటర్ల ఎత్తు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫోమ్‌లో కోత ఒత్తిడి, అంటే పై భాగం ఒకవైపు, కింది భాగం మరోవైపు జారాలని చూసే బలం, చదరపు మీటరుకు 80 కిలోన్యూటన్లకు చేరుతుంది. ప్యాకింగ్ థర్మోకోల్‌కు ఆ ఒత్తిడి దాని హద్దుకు సమానమో, అంతకు మించినదో అవుతుంది. సాంద్రత ఘనపు మీటరుకు 30 కిలోలు దాటిన ఎక్స్‌పీఎస్ దాన్ని తగినంత మిగులుతో భరిస్తుంది. ఇది విమానం కట్టడానికి సరిపోయే లెక్క కాదు, రకం మారితే ఫలితం ఎంత మారుతుందో చూపే లెక్క మాత్రమే.

అదే ఉదాహరణలో బరువు సంగతి కూడా చూడవచ్చు. 12 శాతం మందం ఉన్న ఆకృతిలో అలాంటి ఒక రిబ్బు 100 గ్రాముల లోపే తూగుతుంది, మొత్తం 27 రిబ్బులూ కలిపి రెండున్నర కిలోలు. బరువు తగ్గించడానికి రిబ్బులో గుండ్రని రంధ్రాలు పెట్టే ఆచారం కర్ర, లోహపు రిబ్బుల నుంచి వచ్చింది. ఫోమ్ విషయంలో దానివల్ల మొత్తం మీద మిగిలేది అరకిలో మాత్రమే, పోయేది స్పారు దగ్గర ఉన్న కీలకమైన బలం. కాబట్టి తీగలకు, కంట్రోలు కడ్డీలకు దారి అవసరమైన చోట తప్ప ఫోమ్ రిబ్బుకు రంధ్రాలు పెట్టకపోవడమే మేలు. ఫోమ్ లాగుడును తట్టుకోదు. అందుకే పై అంచుకు, కింది అంచుకు కర్ర బద్దలో గాజునార పట్టీలో అతకాలి. వంగే బలాన్ని ఆ అంచులు మోస్తే, వాటిని దూరంగా నిలిపి జారకుండా పట్టుకునే పని ఫోమ్‌ది. జిగురుగా ఎపాక్సీ గానీ తెల్ల ఫెవికాల్ తరహా గానీ పనికొస్తాయి. పెట్రోలు, థిన్నరు, అసిటోన్, చెప్పుల పనికి వాడే రబ్బరు జిగుర్లు, పడవల పనికి వాడే పాలియెస్టర్ రెసిన్ తగిలితే పాలీస్టైరీన్ క్షణాల్లో కరిగిపోతుంది. అందుకే ఇంధన ట్యాంకు ఉన్న చోట పాలీస్టైరీన్‌ను దగ్గరికి రానివ్వకూడదు.

ఇక అసలు కోత. రెక్క ఆకృతికి గణిత సూత్రం ఉంటుంది. ఉదాహరణకు నాకా 4412 అనే ప్రసిద్ధ ఆకృతిలో మొదటి అంకె మధ్యరేఖ వంపు కార్డులో 4 శాతమని, రెండోది ఆ వంపు గరిష్ఠంగా ఉండే చోటు ముందు అంచు నుంచి 40 శాతం దూరమని, చివరి రెండూ మందం 12 శాతమని చెబుతాయి. ఆ బిందువులను లెక్కగట్టి కాగితం మీద అసలు కొలతలో ముద్రించి, ప్లైవుడ్ మీదనో అల్యూమినియం రేకు మీదనో అతికించి అచ్చుపలక కోయాలి. కాగితం ముద్రించాక స్కేలుతో నిలువుగానూ అడ్డంగానూ కొలవడం మరచిపోతే ప్రింటరు చేసిన చిన్న సాగు తేడా మొత్తం రెక్కలోకి చేరుతుంది. అచ్చుపలక గీసేటప్పుడు రెక్క బయటి గీత నుంచి పైపొర మందాన్ని, అంచు బద్ద మందాన్ని తీసివేయాలి. తీగ కరిగించే వెడల్పు, అది సాధారణంగా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, దానికి కూడా లెక్క ఉండాలి. అచ్చుపలక అంచును నున్నగా రుద్దకపోతే తీగ దానిమీద తట్టుకుని ప్రతి తట్టు దగ్గరా ఫోమ్‌లో గాడి పడుతుంది.

తీగ నైక్రోమ్‌ది కావచ్చు, సన్నని స్టెయిన్‌లెస్ స్టీలుది కావచ్చు. దాన్ని విల్లులాంటి చట్రానికి స్ప్రింగుతో బిగించాలి, ఎందుకంటే వేడెక్కిన తీగ సాగుతుంది, వదులైతే మధ్యలో ఉబ్బుతుంది. వోల్టేజీని మార్చే ట్రాన్స్‌ఫార్మర్‌తో వేడిని నెమ్మదిగా పెంచి, పనికిరాని ముక్క మీద పరీక్షించాలి. ఇంటి కరెంటును నేరుగా తీగకు ఇవ్వడం ప్రాణాపాయం, దాన్ని తక్కువ వోల్టేజీకి దించే ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే ఇవ్వాలి. రూటన్ విమానాల నిర్మాతలు పాటించిన కొలత ఏమిటంటే, తీగను బలవంతంగా నెట్టకుండానే ఒక అంగుళం కోయడానికి 4 నుంచి 6 సెకన్లు పట్టాలి. అంతకన్నా వేగంగా సాగితే వేడి ఎక్కువై ఫోమ్ గుంటలు పడుతుంది, నెమ్మదిస్తే తీగ మధ్యభాగం వెనుకబడుతుంది. ఆ వెనుకబాటు ముందు అంచు దగ్గరి గుండ్రని మలుపులో ప్రమాదకరం. రెండు చివరల్లో అచ్చుపలక చెప్పిన దారిలో తీగ నడుస్తున్నా, మధ్యలో అది అడ్డదారి పట్టి మలుపును కోసేస్తుంది, బయటికి ఏమీ కనిపించదు.

ఇక్కడే రిబ్బు పద్ధతికి, నిండు దిమ్మ పద్ధతికి ఉన్న తేడా తెలుస్తుంది. మీటరు పొడవు దిమ్మలో తీగ మధ్యభాగం వెనుకబడే అవకాశం ఎక్కువ. 25 మిల్లీమీటర్ల పలకను రెండు అచ్చుపలకల మధ్య బిగించి ఒక్కొక్కటిగా కోస్తే ఆ సమస్య దాదాపు ఉండదు. రెక్క అంతటా వెడల్పు ఒకటే అయితే, 30 సెంటీమీటర్ల దిమ్మను ముందు రెక్క ఆకారంలో కోసి, ఆ తరువాత దాన్ని రొట్టెలా ముక్కలుగా కోసుకునే మార్గం కూడా ఉంది; సమయం కలిసొస్తుంది, అయితే దిమ్మ మధ్యలోని ముక్కలను అచ్చుపలకతో సరిచూడకుండా వాడకూడదు. చివరకు పోయేకొద్దీ సన్నబడే రెక్క అయితే రెండు చివరలా వేర్వేరు పరిమాణాల అచ్చుపలకలు ఉంటాయి. రెంటి మీదా ఒకే సంఖ్యలో గుర్తులు పెట్టి, ఇద్దరు మనుషులు ఒకే అంకెను ఒకేసారి బయటికి పలుకుతూ తీగను నడపాలి. ఒకరు 14 దగ్గర ఉండగా మరొకరు 15 దాటితే ఆ దిమ్మ పారేయవలసిందే. ఈ పనిలో మాట్లాడుకోవడమే కొలత సాధనం. కోసేటప్పుడు వచ్చే పొగలో స్టైరీన్ ఉంటుంది కనుక గాలి ధారాళంగా వచ్చే వరండాలోనో షెడ్డులోనో పని చేయాలి. అయితే ఎదురుగాలి సూటిగా తీగ మీదికి వీస్తే అది ఒకచోట చల్లబడి కోత చెడుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకన్న ప్రశ్నకు లాంగ్-ఈజీ చరిత్రే సమాధానం. దాని ముందు రెక్కకు మొదట వాడిన ఆకృతి పొడిగా, శుభ్రంగా ఉన్నప్పుడు చక్కగా పనిచేసేది. వాన చినుకులు అంటుకుంటే గాలి ప్రవాహం చెదిరి లేపే శక్తి తగ్గి, ముక్కు కిందికి దిగేది. పైలట్ స్టిక్కును వెనక్కి పట్టుకోవలసి వచ్చేది. చివరకు జాన్ రోంజ్ రూపొందించిన కొత్త ఆకృతితో ఆ రెక్కను మార్చారు. రెక్క పైభాగం మీద వాన చినుకుల ఎత్తులో వచ్చిన మార్పే ఇంత చేస్తే, ముందు అంచు మీద ఒక మిల్లీమీటరు తరుగుదల, ఎడమ రెక్కకూ కుడి రెక్కకూ మధ్య చిన్న మెలితిప్పు ఎంత చేయగలవో ఊహించవచ్చు. అందుకే కోసిన ప్రతి రిబ్బునూ అచ్చుపలక మీద పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. గాడి పడితే ఎపాక్సీలో చిన్న గాజు బుడగల పొడి కలిపిన తేలికపాటి లప్పంతో పూడ్చాలి. మూడు నాలుగు చోట్ల పూడ్చవలసి వస్తే ఆ రిబ్బును పక్కన పెట్టి కొత్తది కోయడమే చవక.

కొమరోలు వంటి చోట వేసవి ఈ పనిని మరో పరీక్షకు పెడుతుంది. ఈ ప్రాంతంలో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో కలిపిన ఎపాక్సీ గిన్నెలోనే తొందరగా గట్టిపడుతుంది కనుక అతికే పనిని తెల్లవారుజామున చేసుకోవడం, ఒక్కసారికి తక్కువ కలుపుకోవడం అవసరం. అంతకన్నా ముఖ్యం, ఎండలో నిలిపిన రెక్క లోపలి వేడి. పాలీస్టైరీన్‌ను దాదాపు 75 డిగ్రీలకు మించి ఎక్కువ సేపు ఉంచకూడదు. ముదురు రంగు వేసిన ఉపరితలం మన ఎండలో ఆ హద్దుకు చేరువవుతుంది. ఇంట్లో కట్టిన ఫోమ్ విమానాలు చాలావరకు తెల్లగా కనిపించడం అందం కోసం కాదు, ఈ కారణంగానే. గాలిలో తేమ తక్కువగా ఉండటం ఈ ప్రాంతానికి కలిసివచ్చే అంశం, తీర ప్రాంతంలో ఎపాక్సీ మీద తేమ వల్ల పేరుకునే జిడ్డు పొర సమస్య ఇక్కడ తక్కువ.

చట్టం విషయం పక్కన పెట్టి ఈ సమీక్షను ముగించలేం. అమెరికాలో నిర్మాణంలో సగానికి పైగా పని స్వయంగా చేసినవారికి ప్రయోగాత్మక ధ్రువపత్రం ఇచ్చే నియమం దశాబ్దాలుగా ఉంది, ఆ నియమం వల్లే అక్కడ ఈ విద్య పెరిగింది. భారతదేశంలో 1934 నాటి విమాన చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ దగ్గర రిజిస్ట్రేషను, ఎగరడానికి అనుమతి పొందనిదే మనిషి ఎక్కే ఏ విమానమూ నేల విడవకూడదు. ముంబయిలో ఇంటి మేడ మీద విమానం నిర్మించిన పైలట్ అమోల్ యాదవ్ రిజిస్ట్రేషను కోసం ఏళ్లపాటు ప్రయత్నించి 2017లో సాధించారు. ఒక వ్యక్తి పట్టుదల మీద ఆధారపడే ఈ దారి, వ్యవస్థగా మారాలి. అందాకా చట్టం అనుమతించే మరో చక్కని దారి ఉంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం చదువు, పరిశోధన, వినోదాల కోసం కంటి చూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు నమూనా విమానాలకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎగరేసే చోటు ఏ గగనతల మండలంలో ఉందో చూసుకుని మిగతా నియమాలన్నీ పాటించాలి. అసలు విమానంలో సగం కొలతతో నమూనా చేసినా రిబ్బు కోత, అంచు బద్ద అతకడం, భారం పరీక్ష అన్నీ నేర్చుకోవచ్చు.

ఈ ప్రాంతంలో ఆ పనికి తగిన నేపథ్యం కొంత ఉంది. గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు మార్గంలో, మార్కాపురానికి తూర్పున ఉన్న దొనకొండలో బ్రిటిష్ కాలపు విమానాశ్రయ స్థలం వాడుకలో లేకుండా ఉంది. మార్కాపురం పలకల పరిశ్రమలో రాతిని పలుచని పొరలుగా చీల్చి, చదునుగా రుద్ది, కొలతకు కోసే చేతులున్నాయి. థర్మోకోల్ డెకరేషన్ పనివారిలో వేడి తీగ తెలిసినవారున్నారు. లేనిదల్లా కొలిచి, పరీక్షించి, రాసిపెట్టే అలవాటు. దానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఈ ప్రాంతంలోని ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలలు ముందుగా ఒకే ఆకృతిలో థర్మోకోల్, ఎక్స్‌పీఎస్, పీవీసీ ఫోమ్ రిబ్బులు కోయించి, వాటిని తలకిందులుగా బిగించి, మీద ఇసుక సంచులు ఒక్కొక్కటిగా పెడుతూ ఎన్ని కిలోల దగ్గర ఏ రిబ్బు ఎక్కడ విరిగిందో నమోదు చేసి, ఆ పట్టికను అందరికీ అందుబాటులో ఉంచాలి. మనిషి ఎక్కే రెక్క కట్టాలనే ఆలోచన ఉన్న యువకులు ఆ పట్టిక చేతిలో లేకుండా మొదటి ఫోమ్ పలక కొనకూడదు.